పేలాల అసిరమ్మ నిప్పు

అగ్గిపెట్టె ఇంకా పుట్టని రోజులు. మన ముత్తాతల ముత్తాతలకి పాలపళ్ళు కూడా ఊడని రోజులు. అప్పుడు ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో పేలాల అసిరమ్మ ఉండేది. ఆవిడకున్నదల్లా ఒక పొయ్యి, ఒక మూకుడు, అందులో ఇంత ఇసక. ఊరందరి వడ్లూ శనగలూ వేయించి పెట్టేది. ఆవిడ పొయ్యి ఆరేది కాదు. అందుకని ఎవరింట్లో నిప్పు ఆరినా పిడక పట్టుకుని అక్కడికే వచ్చేవారు. "నిప్పుకొచ్చాను అప్పా" అనేవారు, అప్ప అంటే అక్కే. ఆవిడ ఇచ్చేది.

దీపాలు పెట్టాక మాత్రం ఇచ్చేది కాదు. ఆ వేళ నిప్పు గడప దాటితే లక్ష్మి కూడా దాటిపోతుందని ఊరి నమ్మకం. ఆవిడా ఆ ఊరి మనిషేగా మరి!

ఒక సంధ్యవేళ బండి తోలే సూరప్పడు వచ్చాడు. "నిప్పుకొచ్చాను అప్పా" అన్నాడు. దీపాలు పెట్టేశాం, పొద్దున్న రమ్మంది. అతను కాసేపు గుమ్మంలోనే నిలబడి, వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి సూరప్పడు లేడు. తన ప్రాణం తనే తీసుకున్నాడు.

పరామర్శకి వెళ్ళిన అసిరమ్మ చూసింది కదా, అతని కుంపట్లో ఇంకా నిప్పుంది. ఉండి కూడా ఎందుకొచ్చాడు? అతనికి కావలసింది నిప్పు కాదు, మనిషి. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి పంపేశానే అని ఆవిడ మూడు రోజులు ముద్ద ముట్టలేదు.

నాలుగోనాడు పొయ్యి ఎగదోసి, ఇకమీద ఏ వేళ వచ్చినా నిప్పిస్తానని ఊరందరికీ చెప్పింది. లక్ష్మి వెళ్ళిపోతుందే అని వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

"మా ఇంట్లో లక్ష్మి ఎప్పుడుందమ్మా, వెళ్ళిపోడానికి?" అంది అసిరమ్మ.

ఏడాది తిరిగింది. మళ్ళీ దీపాల వేళ. ఎదురింటి కోడలు తవిటమ్మ వచ్చింది, రెండు నెలల బాలింత. "నిప్పుకొచ్చాను మామ్మా" అంది. చేతిలో పిడక లేదు. వాళ్ళింటి కప్పు మీద పొగ లేస్తూనే ఉంది. అసిరమ్మకి సూరప్పడి కుంపటి గుర్తొచ్చింది. చెయ్యి పట్టుకుని పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. డొంకతిరుగుడు లేకుండా అడిగింది.

"చచ్చిపోవాలని ఉందా తల్లీ?"

తవిటమ్మ తలూపింది. ఆ తర్వాత ఏడ్చింది. బిడ్డని చూస్తే ఏమీ అనిపించట్లేదని, కంటిమీద కునుకు లేదని, తను లేకపోతేనే అందరికీ హాయని చెప్పుకుంది. అసిరమ్మ మధ్యలో ఒక్క మాటా అడ్డు వెయ్యలేదు. అంతా విని, అప్పుడంది.

"దీనికి మందు నాకు తెలీదు. తెలిసిన గుమ్మం దొరికేదాకా నిన్ను వదల్ను."

అత్తగారికి చెప్పి ఆ రాత్రి తన పక్కనే పడుకోబెట్టుకుంది. పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. మొదటి గుమ్మంలో పెద్దాయన ఇదంతా బద్ధకం అన్నాడు. పద, ఇంకో గుమ్మం అంది అసిరమ్మ. రెండో గుమ్మంలో దిష్టి తీసి పంపేశారు. పద, ఇంకో గుమ్మం అంది. ఏరు దాటి మూడో గుమ్మం తట్టారు. అది మంత్రసాని బంగారమ్మది.

"ఇది జబ్బు, నీ తప్పు కాదు," అంది బంగారమ్మ. "తగ్గుతుంది. ఎందరికి తగ్గిందో ఈ కళ్ళతో చూశాను."

మందిచ్చింది. కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర ఉండాలంది. ఒంటరిగా వదలొద్దంది. అసిరమ్మ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ వంతులు వేసింది, సణుగుతున్న అత్తగారికి కూడా! మూడు నెలలకి ఒక పొద్దున తవిటమ్మ బిడ్డని ఎత్తుకుని తనంతట తనే నవ్వింది. అది చూసి అసిరమ్మ మూకుడు పక్కన పెట్టి వీధిలో అందరికీ పేలాలు పంచింది.

ఆ మాట ఊళ్ళు దాటింది. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని, మందు తెలిసిన గుమ్మాలకి నడిచి, బతికి బట్టకట్టినవాళ్ళు ఎందరో. అసిరమ్మ పోయిననాడు వాళ్ళంతా వచ్చారు. రాజుగారి ఊరేగింపుకి కూడా అంత జనం లేరట. ఆ సాయంత్రం తవిటమ్మ ఆవిడ పొయ్యిలో నిప్పు ఆరకముందే తెచ్చి, తన గుమ్మం ముందు కుంపట్లో పెట్టింది.

ఇప్పుడక్కడ అన్నీ గ్యాసుపొయ్యిలే. అయినా మనిషి మాట వినే ఇళ్ళ ముందు కుంపటి ఉంటుంది. మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మ గది ముందు కూడా ఒకటుంది. సందె వేళ మొదటి నిప్పు సూరప్పడి పేరున వేస్తారు. ఎవరైనా వచ్చి "నిప్పుకొచ్చాను" అంటే ఎందుకని అడగరు, పక్కన చోటిస్తారు. దీపాలు పెట్టేశాం అన్న మాట మాత్రం ఆ ఊళ్ళో ఎవరి నోటా రాదు.