నిన్నటి చోటు

ఏటి గట్టున ఒక భూతం ఉండేది. చెప్పిన పని చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. కొండంత రాయినైనా ఎత్తుతుంది గానీ, దించే చోట మనిషున్నాడా మేకుందా అని చూడదు. చూడమని ఎవరూ చెప్పలేదు మరి.

దానికి పని చెప్పేవాళ్ళది ఒక పాత భాష. ఉన్నమాట ఒప్పుకోవాలి, గొప్ప భాష అది. రెండు ముక్కలంటే చాలు, రాయి లేచేది. ఊరి గట్టు, కోట గోడ, నీళ్ళ కాలువ, అన్నీ ఆ భాషలో చెప్పి కట్టించినవే. నేర్చుకోడానికి సగం జీవితం పట్టేది. నేర్చినవాడు మిగతా సగం మీసం దువ్వుకుంటూ తిరిగేవాడు.

గట్టు మొదట్లో ఒక బండ. భాష వచ్చినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కేవారు. ఎవరైనా భూతం చేతిలో దెబ్బతింటే ఆ సాయంత్రమే అతని పేరు ఉలితో గీకేసేవారు. "పాపం, భాష రానివాడు" అనుకుని ఇళ్ళకు పోయి కాళ్ళు కడుక్కునేవారు.

"భాష వచ్చినవాడు ఒక్కడైనా పోయాడా? బండ మీద చూపించండి" అనేవాడు పెద్దాయన. అందరికీ భాష నేర్పిన గురువు ఆయనే. ఎక్కణ్ణుంచి చూపిస్తారు, నా తలకాయ. పోయినవాడి పేరు ఉంటేగా.

పైడమ్మ మొగుడి పేరూ అలాగే పోయింది. అతనికి భాష రాకపోవడమేమిటి, నిద్రలో కూడా తప్పు పలికేవాడు కాదు. ఒక మధ్యాహ్నం గట్టు కింద ఖాళీ చోట చద్ది మూట విప్పుకుని కూర్చున్నాడు. నోట్లో ముద్ద ఉండగానే, రాయెత్తుకుని నిలబడ్డ భూతంతో అలవాటు కొద్దీ "నిన్నటి చోట దించు" అన్నాడు. నిన్నటి చోటంటే తను కూర్చున్నదే. భూతం చెప్పింది చెప్పినట్టు చేసింది.

పైడమ్మ కరువుతీరా ఏడ్చింది. తర్వాత ఏరు దాటిపోయి, అవతలి ఒడ్డున కొత్తగా పుట్టిన భాష నేర్చుకుని వచ్చింది. కూతురికీ నేర్పింది. ఆ భాష ఉత్త నసమారిది. "నిన్నటి చోట దించు" అంటే మాటను భూతం దాకా పోనివ్వదు. మధ్యలోనే పట్టుకుని, "నిన్నటి చోటు ఇవాళ ఎవరిది? ఎవరికైనా ఎరువిచ్చావా? తిరిగి తీసుకున్నావా?" అని అడుగుతుంది. జవాబు తిన్నగా లేకపోతే రాయి కదలదు.

"రాయి ఎత్తమంటే జాతకం అడుగుతోందే" అని గట్టంతా నవ్వింది.

కూతురు గట్టెక్కి భూతానికి పని చెప్పాల్సిన ఏడాది వచ్చింది. పాత భాషలో చెబుతానంటేనే ఎక్కనిస్తామని పెద్దాయన కబురు పెట్టాడు. పైడమ్మ కొంగు బిగించి తనే వెళ్ళింది.

"పాత భాషలో నా కూతురు నోరు విప్పదు. మొగుణ్ణి ఇచ్చాను, పిల్లని ఇవ్వను."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అమ్మీ. చెయ్యి తిరిగినవాడికి భాషతో పేచీ ఏమిటి?"

"చెయ్యి తిరిగినవాణ్ణే కదా పెదనాన్నా, నేను పోగొట్టుకుంది."

"నీ భాషలోనూ ఏమీ అడక్కుండా పని జరిపించే మాట ఒకటుందటగా?"

"ఉంది. ఆ మాట అనాలంటే ముందు డప్పు కొట్టాలి. విన్నవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. మీ భాషలో ప్రతి మాటా అలాంటిదే, డప్పొక్కటే లేదు."

పెద్దాయనకి ఒళ్ళు మండింది. "అయితే చూడు" అని అందరి ముందూ భూతాన్ని పిలిచాడు. రాయిని ఎత్తించాడు, తిప్పించాడు, పూలబంతిలా ఆడించాడు. ఎంత ముచ్చటగా చెప్పాడంటే పైడమ్మ కూడా రెప్ప వెయ్యలేదు. చివర్న గర్వంగా ఆమె వైపు నడుస్తూ, ఎత్తిన చోటే దించమన్నాడు. ఎత్తిన చోట అప్పటికి ఆయనే ఉన్నాడు.

ప్రాణం దక్కింది, కాళ్ళు దక్కలేదు.

శిష్యులు ఆయన్ని మంచం మీద బండ దగ్గరికి మోసుకొచ్చారు. ఒకడు తలొంచుకుని ఉలి తీశాడు. "కానివ్వండి, భాష రానివాణ్ణి" అన్నాడు పెద్దాయన, కళ్ళు మూసుకుని.

పైడమ్మ ఉలి లాక్కుంది. "ఈ పేరు మీద చెయ్యేస్తే మర్యాద దక్కదు. ఈయనకి భాష రాదా? ఈయనకే రాకపోతే ఇక మీలో ఎవడికొచ్చు? చెప్పండి."

ఉలి తీసినవాడు వెనక్కి జరిగాడు. పెద్దాయన ముఖం పక్కకి తిప్పుకుని ఏడ్చాడు. అది కాళ్ళ కోసం ఏడ్చిన ఏడుపు కాదు.

ఆయన పేరు పక్కనే పైడమ్మ తన మొగుడి పేరు చెక్కింది. అది చూసి ఒకావిడ వచ్చి తన అన్న పేరు చెప్పింది. ఇంకొకావిడ తండ్రి పేరు చెప్పింది. ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. బండ నిండిపోయింది.

"ఇంకో బండ కావాలి. నువ్వు గట్టెక్కు అమ్మీ, నీకొచ్చిన భాషలోనే చెప్పు" అన్నాడు పెద్దాయన, పైడమ్మ కూతురితో.

పిల్ల గట్టెక్కి ఇంకో బండ ఎత్తమని భూతానికి చెప్పింది. అలవాటు ప్రకారం భాష మధ్యలోనే పట్టుకుంది.

"ఆ బండ ఎవరిది?"

"భాష బాగా వచ్చినవాళ్ళది" అంది పిల్ల.

రాయి లేచింది.