కాగితంలో చిక్కిన సయో

ఇది అబద్ధమనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండర్రా! రెండు చెవులూ పట్టుకుని ఏడు సముద్రాల అవతల దింపి వస్తాను. ఎవరూ లేవరేం? అయితే వినండి.

వెనకటికి సిందూరగిరిని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. ఆ రాజు తుమ్మితే పక్క రాజ్యంలో కొబ్బరికాయలు రాలేవి!

ఒకనాడు దూరదేశపు ఓడలో పింగాణీ గిన్నెలొచ్చాయి. ఒక గిన్నెకు చుట్టిన కాగితం విప్పితే, అందులో అమ్మాయి బొమ్మ! జపాను దేశంలో చెక్కిన చెక్కకు రంగు పూసి కాగితం మీద అద్దిన అచ్చు. పొగమంచులాంటి ముఖం, నీలి అంగీ, కొప్పులో దువ్వెన, మణికట్టు మీద పచ్చని చిలుక.

"చిత్తు కాగితం," అన్నాడు పెద్దవాడు.

"పొయ్యిలోకి పనికొస్తుంది," అన్నాడు రెండోవాడు.

మూడోవాడు నీలకేతుడు మాత్రం కాగితాన్ని చెవికి ఆనించుకున్నాడు.

"నా పేరు సయో," అంది బొమ్మ, నిద్రలో మాట్లాడినట్టు. "ఏడో సముద్రం ఒడ్డునుండే ధూమకేశుడనే మాంత్రికుడు నన్నిందులో బంధించాడు. నా అంగీ రంగు వెలిసిపోతోంది. పూర్తిగా వెలిసిననాడు నేనుండను. వాడి ప్రాణం ఈ చిలుకలో ఉంది."

"అయితే చిలుకను చింపేస్తాను!"

"చింపితే నేనూ చిరిగిపోతాను రాకుమారా."

నీలకేతుడు కాగితాన్ని రొమ్మున దాచుకుని, మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ ఓడెక్కాడు. ఊపిరి బిగబట్టి తెరచాపలోకి ఒక్క ఊదు ఊదితే మూడు సముద్రాలు వెనక్కిపోయాయి! నాలుగో సముద్రంలో, తెరచాప కొయ్యలో దొరికిన చెదపురుగును నావికులు నలిపేయబోతే, జాలిపడి తలపాగాలో దాచుకున్నాడు.

"మేలు మరిచిపోను ప్రభూ," అంది చెద. "ఆకలి మాత్రం ఇప్పుడే వేస్తోంది."

ఇక ఏడో సముద్రమంటారా, అది ఉత్త కల. అందులో నీళ్లు లేవు. వెన్నెలే అలలై ఊగుతోంది. ఆ వెన్నెల ఒడ్డున మాంత్రికుడి గుడిసె.

"తాతా," అన్నాడు నీలకేతుడు, "నీ బొమ్మ చూశాం. ఎవడో కుర్రాడు కుంచెతో గీశాడని మావాళ్లు అంటున్నారు."

"కుంచెతోనా! గాడిదలు! ఇటు చూడు!"

మాంత్రికుడు రోషంగా మూడు చెక్కలు తెచ్చి అచ్చు వేశాడు. మొదటి చెక్కతో నల్లని గీతలొచ్చాయి, సయో వచ్చింది. రెండో చెక్కతో నీలం వచ్చింది, అంగీ వచ్చింది. మూడో చెక్కతో పచ్చరంగొచ్చింది, చిలుక వచ్చి వాలింది.

"ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. తెలిసిందా?"

"ఇప్పుడు తెలిసింది తాతా," అంటూ నీలకేతుడు తలపాగా విప్పి మూడో చెక్క మీద దులిపాడు.

ఒక్క చెద ఏం చేస్తుందంటారా? దాని ఆకలి ఏనుగుల మంద ఆకలి! మాంత్రికుడు "ఓరి! ఓరి!" అనేలోపే చెక్క పిండైంది. నీలకేతుడి రొమ్మునున్న కాగితం మీది చిలుక ఆవిరైపోయింది. దానితోపాటే మాంత్రికుడూ.

నీలకేతుడు ఆ కాగితాన్ని తీసి తడిపి, మిగిలిన రెండు చెక్కల మీద ఒకదాని తర్వాత ఒకటిగా పరిచి, అరచేత్తో మెల్లగా రుద్దాడు. గీతలొచ్చాయి. చిక్కటి నీలం వచ్చింది. కాగితం ఎత్తితే, మడత విప్పుకున్నట్టు సయో లేచి నిలబడింది. ఖాళీ మణికట్టు తడుముకుని, "ఎంత తేలిగ్గా ఉందో," అంది.

సిందూరగిరిలో పెళ్లి. పందిరి ఎంత పెద్దదంటే, ఈ చివర వాన, ఆ చివర ఎండ! చెదకు పాత సింహాసనం వడ్డించారు. మునిమనవళ్ల పెళ్లిళ్లు చేసేదాకా వాళ్లిద్దరూ చల్లగా ఏలారు.

ఇంకా నమ్మరా? పెళ్లికూతురికి నలుగు పెట్టిన ముసలమ్మ బతికే ఉంది. అరచేతులకంటిన నీలం ఈనాటికీ వదల్లేదు. వెళ్లి చూసుకోండి. పేరు గొర్లె నూకాలమ్మ.