అరచేతిలో మిగిలిన నూనె

ఎల్యాదాకు యాజకుడిగా అభిషేకం జరిగి ఎంతో కాలం కాలేదు. షిలోహులో దేవుని గుడారం దగ్గర అహీతూబు అనే ముసలి యాజకుడి కింద పని నేర్చుకుంటున్నాడు. బలి విధుల్లో ఎల్యాదా ఒక్క తప్పు రానిచ్చేవాడు కాదు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

ఒక ఉదయం హోషామా అనే మనిషి ఒక గొర్రెపిల్లను తోలుకొచ్చాడు. కుష్ఠు సోకి ఏళ్ల తరబడి ఊరి బయట ఒంటరిగా బతికినవాడు. ఇప్పుడు జబ్బు నయమైంది. అహీతూబే స్వయంగా చూసి ఆ మాట చెప్పాడు. ఇక అపరాధ పరిహార బలి అర్పిస్తే అతను తిరిగి తనవాళ్లలో కలవవచ్చు.

విధి ప్రకారం బలి రక్తాన్ని అతని కుడి చెవి కొనకి, కుడి చేతి బొటనవేలికి, కుడి కాలి బొటనవేలికి పూయాలి. ఎల్యాదాకు అది మింగుడుపడలేదు.

"అయ్యా, నా అభిషేకం రోజున నాకూ ఈ చోట్లే పూశారు. యాజకుడికీ ఇతనికీ ఒకటే విధి ఏమిటి?"

"ముందు గొర్రెపిల్లను తీసుకురా," అన్నాడు అహీతూబు.

బలి జరిగింది. ఎల్యాదా పాత్రలో రక్తం పట్టాడు. శుద్ధి విధుల్లో చిలకరించడానికి వాడే హిస్సోపు మొక్క రెమ్మ ఒకటి తుంచి, రక్తంలో ముంచి, చెయ్యి చాచినంత దూరం నుంచే చెవికి తాకించబోయాడు.

హోషామా ఆ రెమ్మను చూశాడు. కళ్లు దించుకున్నాడు.

అహీతూబు రెమ్మను లాక్కుని నిప్పుల్లో పడేశాడు. తన వేలు రక్తంలో ముంచి తానే పూశాడు. చెవికి, చేతికి. కాలికి పూయడానికి ఆ ముసలాయన మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. మెల్లగా లేచి, నూనె తీసి శిష్యుడి అరచేతిలో పోశాడు.

"ఇక నువ్వు."

ఎల్యాదా వేలితో నూనె అద్ది, రక్తం పూసిన చోటల్లా రాశాడు. అరచేతిలో మిగిలినది తలకు రాయాలి. చెయ్యి తలమీద ఆనించాడు. ఆ తల వణుకుతోంది.

చెయ్యి తీయబోతుంటే హోషామా గొంతు సన్నగా వినిపించింది.

"అప్పుడే తియ్యకండయ్యా. ఇంకొంచెంసేపు."

ఎల్యాదా తియ్యలేదు. నూనె నుదుటిమీదుగా కారి కన్నీళ్లలో కలిసింది. వెనక బలులు తెచ్చినవాళ్లు విసుక్కున్నారు. అహీతూబు వాళ్లను ఆగమని సైగ చేశాడు.

ఆవరణ బయట హోషామా భార్య ఎదురుచూస్తోంది. ఆమెను చూసి అతను దూరంగానే ఆగిపోయాడు. ఆమె కూడా అడుగు వెయ్యలేదు. ఇన్నేళ్లూ రొట్టెల మూట ఒక రాతిమీద పెట్టి, అంత దూరాన నిలబడి చూసి వెళ్లిపోయేది. ఇద్దరి కాళ్లకూ ఆ దూరమే అలవాటైపోయింది.

ఎల్యాదా గబగబా వెళ్లి హోషామా చెయ్యి పట్టుకున్నాడు. నడిపించుకెళ్లి ఆ చేతిని ఆమె చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చేసరికి అహీతూబు బలిపీఠం దగ్గర బూడిద ఎత్తుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

"ఇప్పుడు పూర్తయింది బలి."