పన్నెండు డబ్బాలు

ఓబులేసుకు కంప్యూటర్ ఎంచుకోవాల్సిన పని పడింది.

అతనికి ఇరవై నాలుగేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. కీబోర్డు మాత్రం వింటున్నవాళ్లు పనులు మరిచిపోయేలా వాయిస్తాడు. అది విని కడపలో ఒక సేవాసంఘం వాళ్లు, పాటలు రికార్డు చేసుకోవడానికి కంప్యూటర్ ఇస్తామన్నారు. ఏది కావాలో నువ్వే తేల్చుకుని శనివారం సాయంత్రంలోగా ఫారం తెచ్చిమ్మన్నారు. ఒకసారి తెప్పించాక మార్చడం కుదరదని కూడా చెప్పారు.

ఆ కంప్యూటర్‌తో అతను మొట్టమొదట చేయదలచుకున్న పని ఒక్కటే. తన గురువు ఖలందర్ ఉస్తాద్ పాడే ఏడు పాటల్ని రికార్డు చేయాలి.

ఆ పాటలు ఉస్తాద్‌కు వాళ్ల నాన్న నేర్పినవి. ఇంకెవరికీ రావు. ఓబులేసుకు రెండు వచ్చు, అవీ అరకొరగా. ఉస్తాద్‌కు ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు, ఆయనకూ చూపు లేదు. ఏటా వీధి చివరి దర్గాలో ఉరుసు జరిగే ముందు ఏడు రోజులు, రోజుకొక పాట చొప్పున, ఇంట్లో హార్మోనియం ముందు కూర్చుని పాడతాడు. పాడిన పాట మళ్లీ మరుసటి ఏడాదికే. ఎవరు బతిమాలినా అంతే, వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి అది.

ఉరుసు ఇంకా నెల రోజులుంది.

ఓబులేసు దుకాణానికి వెళ్లి రెండు కంప్యూటర్లు చూసి వచ్చాడు. చూడటమంటే చెవులతో. చూపు లేనివాళ్ల కోసం కంప్యూటర్‌లో ఒక సదుపాయం ఉంటుంది. మీటలు నొక్కుతూ తెర మీద దేని దగ్గరకు చేరితే దాని పేరు ఒక గొంతు చదివి చెబుతుంది. అయితే ఆ గొంతు సొంతంగా ఏమీ కనిపెట్టలేదు. ప్రోగ్రాం తయారుచేసినవాళ్లు బటన్‌కు పేరు పెట్టి ఉంటే ఆ పేరు చదువుతుంది. పెట్టకపోతే వట్టి "బటన్" అంటుంది, అంతే.

మొదటిది చాలా పెద్ద యంత్రం. అందులోని సంగీతం ప్రోగ్రాంలో వీణ దగ్గర్నుంచి డప్పు దాకా వందల వాద్యాలున్నాయి. ఓబులేసుకు ఒళ్లు పులకరించింది. కానీ ఆ ప్రోగ్రాం తెరిచి మీటలు నొక్కుతూ పోతే చెవిలో "బటన్, బటన్, బటన్" అని తప్ప ఇంకో మాట లేదు. రెండోది చిన్నది. దాని ప్రోగ్రాంలో వాద్యాలు తక్కువ, అన్నీ సాదాసీదా. అది మాత్రం ప్రతిదానికీ పేరు చెప్పింది.

ఓబులేసు పెద్దదాని ముందే మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. బటన్లన్నీ లెక్కపెట్టి, ఏది ఏమిటో దుకాణం అబ్బాయిని అడిగి, వరసగా కంఠస్థం చేశాడు. సోమవారం సాయంత్రం ఉస్తాద్ ఇంటికి వచ్చి ఆ సంగతే చెప్పాడు.

"ముప్పై నాలుగు బటన్లు ఉస్తాద్. అడగండి, ఏదైనా."

"పంతొమ్మిది?"

"వెనక్కి పోయేది."

"ఏడు?"

"రికార్డు."

"నలభై?"

"నలభై లేదు ఉస్తాద్, ముప్పై నాలుగే."

"అవునులే, నిన్ను మోసం చేయలేను" అని నవ్వాడు ఉస్తాద్.

ఓబులేసు ఉత్సాహం ఆగలేదు. ఆ ప్రోగ్రాం ఒకచోట నిలిచిపోయేది కాదని, మూణ్ణెల్లకోసారి దానంతటదే కొత్త రూపు దిద్దుకుంటుందని దుకాణం అబ్బాయి చెప్పిన మాట కూడా గొప్పగా చెప్పాడు. ఫారంలో పెద్దదాని పేరే రాయించేశానని, జేబులోనే ఉందని చొక్కా తట్టి చూపించాడు.

ఉస్తాద్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత వంటింటివైపు తిరిగి భార్యను పిలిచాడు.

"జైబూ, ప్రొద్దుటూరు నుంచి నీ చెల్లెలు తెచ్చిన డబ్బాలున్నాయి గదా. మన సామానంతా వాటిలోకి మార్చు."

జైబున్‌బీ ఆశ్చర్యపోయింది. అవి పన్నెండు స్టీలు డబ్బాలు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే బరువు, మూతలకు అద్దం. తళతళలాడుతుంటాయి. వాటిని వాడుకుందామని రెండు నెలలుగా ఆమె అడుగుతూనే ఉంది, ఈయన ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో సాయంత్రం టీ ఆయనే కాస్తాడు. ఉప్పు పింగాణీ జాడీలో ఉండేది. చక్కెర ఉన్న పాత రేకు డబ్బా మూత తీస్తే కిర్రుమనేది. టీపొడి సీసా మెడకు గుడ్డపేలిక, కారం డబ్బాకు మూడు వరసల దారం. ఏది ఎక్కడ పెట్టినా, చేయి వేస్తే చాలు.

ఈయన మనసు మారకముందే అని జైబున్‌బీ గబగబా అన్నీ మార్చేసింది.

"ఓబులేసూ, ఈ వారం టీ నువ్వే కాయాలి. అమ్మ ఒకసారి వరస చెబుతుంది. చాలా?"

"ఒకసారి ఎక్కువే ఉస్తాద్."

చాలింది కూడా. మంగళవారం టీ కమ్మగా కుదిరింది. బుధవారం ఇంకా బాగా కుదిరింది. మూడోది టీపొడి, ఐదోది చక్కెర, పదోది యాలకులు. మూత తీసి వాసన కూడా చూసేవాడు కాదు, ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటూ చేయి చాచేవాడు. గురువారం పాట పాడుకుంటూ కాచాడు. వీడికి పెళ్లయితే ఆ పిల్ల అదృష్టవంతురాలని జైబున్‌బీ అంది. ఉస్తాద్ రోజూ గ్లాసు ఖాళీ చేసి బాగుందన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు.

శుక్రవారం సాయంత్రం కూడా అట్లాగే కాచి మూడు గ్లాసులు తెచ్చాడు.

జైబున్‌బీ ఒక గుక్క తాగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

ఓబులేసు తన గ్లాసు రుచి చూశాడు. ఉప్పు. సముద్రమంత ఉప్పు.

"అమ్మా, ఐదోది చక్కెర గదా!"

పెరట్లోంచి నోరు పుక్కిలించుకుంటూ జైబున్‌బీ చెప్పింది. పొద్దున అర కడిగి, డబ్బాలు తుడిచి మళ్లీ పెట్టిందట. చూస్తే తెలిసేవే కాబట్టి వరస సంగతి తట్టలేదట. "అయినా నాకెందుకు ఆ పని, ఈయనే కడగమన్నాడు" అంది.

"మళ్లీ కాయి నాయనా" అన్నాడు ఉస్తాద్. ఆయన తన గ్లాసు ముట్టుకోనే లేదు.

ఓబులేసు వంటింట్లోకి వెళ్లాడు. ఇప్పుడు లెక్క పనికిరాదు. ఒక్కొక్క మూతే తీసి వాసన చూడాలి, చిటికెడు నాలుక మీద వేసుకోవాలి. మొదటిది శనగపప్పు. రెండోది బియ్యప్పిండి. మూడోది టీపొడే, అది చోటు మారలేదు. నాలుగోది కారం. దానికి తుమ్ములు మొదలై తొమ్మిది దాకా వెళ్లాయి. ముందుగదిలో ఉస్తాద్ వాటిని పైకి లెక్కపెడుతున్నాడు. చక్కెర దొరికేసరికి పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరింది.

చివరికి మూడు గ్లాసులు తెచ్చేటప్పటికి పొద్దుగూకాక నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది.

ఓబులేసుకు చిన్నతనంగా ఉంది. కొంచెం కోపంగానూ ఉంది. "డబ్బాలు మార్చేస్తే ఎవరికైనా ఇంతే గదా ఉస్తాద్. నేను నేర్చుకున్నది తప్పు కాదు" అన్నాడు.

"తప్పని ఎవరన్నారు?"

ఉస్తాద్ గ్లాసు అందుకుని ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాడు.

"టీ కాబట్టి మళ్లీ కాచావు" అన్నాడు.

ఓబులేసు చేయి తనంతట తానే చొక్కా జేబు మీదికి వెళ్లింది. ఫారం తీసి, మడత విప్పి, జైబున్‌బీ వైపు చాచాడు.

"అమ్మా, ఇందులో రాసిన పేరు కొట్టేయి. కొత్త పేరు రేపు చెప్తా."

శనివారం పొద్దున్నే దుకాణానికి వెళ్లాడు. చిన్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఇందులోని ప్రోగ్రాంకు కొత్త రూపు వచ్చి ఉంటే నా ఎదుటే వేయమని దుకాణం అబ్బాయిని అడిగాడు. ఇలా అడిగినవాళ్లు ఇంతవరకు లేరని ఆ అబ్బాయి నవ్వుతూ వేశాడు. అంతకుముందు మూడోదిగా ఉన్న రికార్డు బటన్ ఆరో చోటికి వెళ్లింది. ఆరో చోట కూడా అది "రికార్డ్" అనే చెప్పింది. ఓబులేసు కొత్త పేరు ఆ అబ్బాయి చేతే ఫారంలో రాయించి, అట్నుంచి అటే వెళ్లి సంఘంలో ఇచ్చేశాడు.

ఉరుసుకు ఏడు రోజుల ముందు ఉస్తాద్ ముందుగదిలో హార్మోనియం పెట్టించాడు. పక్కనే చిన్న కంప్యూటర్. వంటింట్లో పింగాణీ జాడీ, కిర్రుమనే రేకు డబ్బా మళ్లీ అరమీదికి వచ్చేశాయి. స్టీలు డబ్బాల్లో జైబున్‌బీ తన కుట్టు సామాను పెట్టుకుంది.

ఓబులేసు ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. వేలు మీట మీద మీట నొక్కుతూ పోయింది. ఒకచోట ఆగింది.

ఉస్తాద్ హార్మోనియం మీద చేయి ఉంచి ఆగాడు.

"ఏమి రా, చక్కెరేనా?"

"చక్కెరే ఉస్తాద్."

ఉస్తాద్ తిత్తి తెరిచాడు.