కన్నం లేని తలుపు

ఆ ఊళ్ళో ప్రతి తలుపుకీ ఒక కన్నం ఉండేది. రెండు రెక్కలు కలిసేచోట ఒక్కో అంచున సగం సగం చెక్కేవారు. తలుపు మూస్తే రెండు సగాలూ కలిసి వేలు పట్టేంత కన్నమయ్యేది. బయటినుంచి వేలు దూర్చి లోపలి గడియ ఎత్తుకోవచ్చు. పొరుగింట్లో ఏం ఉడుకుతోందో చూడటానికీ పనికొచ్చేది. ఎక్కువగా దానికే వాడేవారు.

ఒక్క విధవరాలి ఇంటి తలుపుకి మాత్రం కన్నం లేదు. ముత్తాతల కాలంలో వడ్రంగి కల్లు తాగి మరిచిపోయాడని చెప్పుకునేవారు. గాలికి గడియ పడితే ఆమె పెరటి గోడ దూకి లోపలికి వెళ్ళాల్సి వచ్చేది. ఊరంతా నవ్వేది. ఆ ఊరికి నవ్వడం తప్ప వేరే పని తక్కువ.

ఆ ఊళ్ళో పెళ్ళయితే కొత్త కాపురానికి ఒక రెక్క అమ్మాయి పుట్టింటి తలుపు చూసి, రెండో రెక్క అబ్బాయి ఇంటి తలుపు చూసి, అచ్చం అలాగే చేయించేవారు. విధవరాలి కూతురు పెళ్ళయి ఎదురింట్లోనే కొత్త కాపురం పెట్టింది. ఆమె తలుపుకి సగం కన్నమే వచ్చింది.

"మీ అమ్మాయి గుడ్డి రెక్క తెచ్చింది వదినా," అంది వియ్యపురాలు, పెళ్ళి భోజనాల దగ్గర, అందరికీ వినబడేలా.

ఒక ఏడు ఊళ్ళోకి ఒక బక్క అతిథి వచ్చాడు. వేళ్ళు సన్నం. ఒళ్ళెప్పుడూ కాస్త వెచ్చగా ఉండేది. అతన్ని అందరూ చూశారు; ఎవరింటి చుట్టమో అనుకున్నారు. పొద్దు వాలాక అతను కన్నంలో వేలు దూర్చి, గడియ ఎత్తి, చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళేవాడు. కొన్ని ఇళ్ళల్లో అటకెక్కి పడుకునేవాడు. ఏళ్ళ తరబడి లేచేవాడు కాదు. కొన్ని ఇళ్ళల్లో నెల తిరక్కుండానే ఇంటివాళ్ళ ఒంట్లో కండంతా తినేసేవాడు. ఆ ఇళ్ళనుంచి దగ్గు వినబడేది. కొన్నాళ్ళకి అదీ వినబడేది కాదు.

విధవరాలి తలుపుని అతను పైనుంచి కిందికి తడిమి వెళ్ళిపోయాడు. ఎదురింటి దగ్గర మూడు సాయంత్రాలు నిలబడ్డాడు. సగం కన్నంలో గోరు దూరింది, కణుపు దూరలేదు. అరుగు మీద కూర్చుని విధవరాలు చూసింది. ఆమెకి గోరే కనబడింది. కూతురికి ఎనిమిదో నెల.

దగ్గు లేని ఇల్లు ఏదో ఊరికి తెలిసిపోయింది.

"తలుపుకి ఏం పూశావొదినా?" అంది పొరుగామె.

"ఏమీ లేదు. మీరు నవ్విన తలుపే."

"చెప్పకపోతే మానెయ్. ఆ తలుపునుంచి ఒక్క చెక్కపేడు ఇవ్వు, మనవడి మెడలో కడతాను."

ఇచ్చింది. ఆ మర్నాడు ఇంకొకామె వచ్చింది, పాలల్లో అరగదీసి తాగుతానంటూ. ఆ తలుపు ఊరికి అరిష్టమన్న పెద్దమనిషి తనకొకటి, గేదెకొకటి తీసుకున్నాడు. గేదె అంతకుముందూ బాగానే ఉంది. చెక్కడానికి వీలుగా ఉండేది రెక్కలు కలిసే అంచే కాబట్టి అందరూ అక్కడే చెక్కారు. విధవరాలు అటు చూడలేదు. ఆమె చూపంతా ఎదురింటి మీదే.

చివరికి కూతుర్ని పిలుచుకొచ్చింది.

"పురిటికింకా నెలుందిగా అమ్మా."

"సగం తలుపుని నమ్ముకుని పడుకుంటావా? నడు."

ఆ సాయంత్రం గచ్చు మీద రూపాయంత ఎండ పడింది. ఆ ఇంట్లో తలుపు మూశాక ఎన్నడూ ఎండ పడలేదు. విధవరాలు దాని వెంట చూపు తిప్పింది. రెక్కల మధ్య గుండ్రటి కన్నం. చూస్తుండగానే గచ్చు మీద ఎండ ఆరిపోయింది.

పరుగెత్తి కన్నంలో బొటనవేలు పెట్టింది. అవతలినుంచి ఒక వేలు తగిలింది. వెచ్చగా ఉంది.

"ఎవరమ్మా?" అంది కూతురు.

"ఎవరూ లేరు. పెరటి దారిన మీ ఇంటికి పో."

"నువ్వేగా రమ్మన్నావు! మాది సగం తలుపేగా?"

"ఆ సగాన్ని ఎవరూ చెక్కలేదే. లే."

కూతురు పొట్ట పట్టుకుని లేచింది. విధవరాలు వేలు తియ్యలేదు. అంతలో ఆ వేలి పక్కనే కత్తి గీరిన చప్పుడైంది.

"నేనే వదినా, ఇంకొక్క పేడు తీసుకుంటున్నా," అంది పొరుగామె బయటినుంచి. "ఇక్కడెవరో బక్కాయన నిలబడ్డాడు. మీ చుట్టమా?"