లోకంలో ఉప్పంతా ఒక్క గుప్పిట్లో

ఇలా దగ్గరికి రా అమ్మలూ. ఇందాక పప్పులో ఉప్పెక్కువైందని కంచం తోసేశావు కదా? "అసలు లోకంలో ఈ ఉప్పే లేకపోతే బావుణ్ణు" అన్నావా లేదా? ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. ఎందుకో చెప్తాను, ముందు దుప్పటి కప్పుకో.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో మళ్ళలో వరి కాదు, ఉప్పు పండిస్తారు. మడిలోకి సముద్రపు నీళ్ళు పెట్టి ఎండకి వదిలేస్తారు. నీళ్ళు ఇగిరిపోతాయి, అడుగున ఉప్పు మిగులుతుంది. దాన్ని చెక్క పారతో గీకి కుప్ప పోస్తారు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని నీయంత పిల్ల ఉండేది. నోరు తెరిస్తే ప్రశ్నే. "ఊరంతా ఒకేసారి తుమ్మితే సముద్రం వెనక్కి పోద్దా? చేపకి దాహం వేస్తే ఏటవుద్ది?" ఊళ్ళోవాళ్ళు దాన్ని చూస్తేనే పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు. వాళ్ళమ్మ ఎర్రమ్మ మాత్రం నవ్వేది.

కానీ సాయంత్రమైతే ఆ తల్లికి నవ్వు వచ్చేది కాదు. పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి పాదాలు పగిలిపోయాయి. ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగేది. కూతురికి వినబడకూడదని పైట చెంగు పళ్ళ మధ్య కరిచిపట్టి కాళ్ళు కడుక్కునేది. దాలమ్మ చాటునుంచి చూసేది. చూసి చూసి ఆ పిల్లకి ఉప్పంటేనే ఒళ్ళు మండిపోయింది.

ఒకరోజు దాలమ్మ కుప్పలోంచి గుప్పెడు ఉప్పు తీసుకుని, సముద్రంలో విసిరికొడదామని ఒడ్డుకి పరిగెత్తింది. అప్పుడు కెరటంలోంచి ఒక అవ్వ లేచింది. జుట్టంతా నురగే.

"ఏటే పిల్లా, ఏటి విసుర్తన్నావు?" అంది అవ్వ.

"ఉప్పు. లోకంలో ఉప్పే లేకపోతే ఏటవుద్ది అవ్వా?"

"చెప్తే ఏటి తెలుస్తాది? చూపిస్తాను. ఆ ఉప్పు ఇలా ఇయ్యి" అని చెయ్యి చాపింది.

మనింట్లో ఉప్పు ఎలా ఇస్తాం? చేతికివ్వం. కింద పెడతాం, కావలసినవాళ్ళు తీసుకుంటారు. ఆ ఊళ్ళోనూ అదే పద్ధతి. చేతిలో పెడితే తగువులొస్తాయనేవాళ్ళు. పెట్టినవాళ్ళకి ఇక ఉప్పు మీద హక్కు పోతుందని కూడా అనేవాళ్ళు. దాలమ్మకి ఇదంతా తెలుసు. తెలిసీ, కోపంలో, ఆ గుప్పెడూ తీసి అవ్వ చేతిలో పెట్టేసింది!

"ఇంకేటి, లోకంలో ఉప్పంతా నాదే" అంది అవ్వ.

అప్పుడు అవ్వ సముద్రం మీద చెయ్యి ఊపింది. సముద్రంలో ఉప్పంతా పైకి లేచిపోయింది. దాలమ్మ దోసెడు నీళ్ళు తాగి చూసింది. చెరువు నీళ్ళలా కమ్మగా ఉన్నాయి! గంతులేసింది. అంతలో ఒక చేప తేలింది, పక్కన ఇంకోటి. చూస్తుండగానే నీళ్ళు కనబడకుండా చేపలే. ఒక్కొక్కటీ నానబెట్టిన శనగలా ఉబ్బిపోయింది.

ఎందుకూ అంటే, శనగల్లోకి నీళ్ళు ఎలా దూరతాయో చూశావుగా? చేప ఒంట్లో ఉప్పుంటుంది. బయట నీళ్ళు చప్పబడేసరికి అవన్నీ చేప లోపలికి దూరిపోయాయి. పాపం, దాని ఒళ్ళు ఎంతని పడుతుంది?

ఆ తర్వాత వెనకాల గలగలమని చప్పుడైంది. తిరిగి చూస్తే ఏముంది! సముద్రంలోంచి తీసిన ఉప్పు ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదా? అవ్వ నేల మీద పోస్తోంది. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టుకుంటూ పోతే ఓ పది చెట్లు ఎంతెత్తు ఉంటాయో, అంతెత్తు తెల్లటి గోడ! కొండల అవతల నుంచి వస్తోంది. నేలంతా పరిచినా అంతెత్తూ వస్తుందట. అంత ఉప్పు దాక్కుని ఉంది, మనం స్నానం చేసే ఆ సముద్రంలో!

ఆ గోడ అంచు తగిలిన చెట్టల్లా వాడిపోతోంది. ఆవకాయకి మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే నీళ్ళు ఊరవూ? అలాగే చెట్ల ఒంట్లో నీళ్ళన్నీ ఉప్పు లాగేసుకుంది. "అమ్మో! ఊరి మీద పడిపోతాది! అక్కడ పొయ్యకు అవ్వా! నువ్వే పట్టుకో! ఎక్కడా ఒక్క రవ్వ ఉంచకు!" అని అరిచింది దాలమ్మ.

ఎంత మాట అనేసింది! ఎక్కడా ఉంచకు అంటే ఎక్కడెక్కడ?

అవ్వ గుప్పిట మూసింది. గోడ మాయమైపోయింది. కానీ ఉప్పు మడిలో పార పట్టుకుని నిలబడ్డ ఎర్రమ్మ దబ్బున కూలిపోయింది. పక్క మడిలోవాళ్ళూ కూలిపోయారు. మన ఒంట్లో కూడా గుప్పెడో రెండు గుప్పెళ్ళో ఉప్పుంటుందమ్మా. చెయ్యి లేపమని బుర్ర చెప్తే, ఆ కబురు చేతికి మోసేది ఆ ఉప్పే. గుండెని కొట్టుకోమని చెప్పేదీ అదే. అది కాస్తా పోయాక కబురెవరు మోస్తారు?

దాలమ్మ కాళ్ళు కూడా లేవలేదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి తల్లి గుండె మీద చెవి పెట్టింది. అది ఒకసారి కొట్టుకుని ఆగింది. చాలాసేపటికి గానీ ఇంకోసారి కొట్టుకోలేదు. దాలమ్మ ఏడ్చింది. కన్నీళ్ళు పెదాల మీదికి జారాయి. చప్పగా ఉన్నాయి! అమ్మ పోతోందని అప్పుడు తెలిసింది.

మళ్ళీ అవ్వ దగ్గరికి పాక్కుంటూ వచ్చింది. "మాయమ్మ ఉప్పు ఇచ్చీ అవ్వా."

"నా చేతిలో పెట్టిందెవరు? నువ్వే కదా. ఇంక నాదే" అంది అవ్వ.

దాలమ్మకి ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. దానికి చేతనైంది ఒకటే, ప్రశ్న. "అవ్వా, లోకంలో ఉప్పంతా ఒక్క గుప్పిట్లో పట్టుకుంటే, ఆ చెయ్యి ఏటవుద్ది?"

అవ్వ ఉలిక్కిపడింది. ఇంతవరకూ తన చెయ్యి సంగతే అనుకోలేదు. చూసుకుంటే వేళ్ళన్నీ పగిలిపోయి ఉన్నాయి, ఎర్రమ్మ పాదాల్లాగే. పగుళ్ళలోకి ఉప్పు దిగింది. "ఓలమ్మో, మంట!" అని కేకేసింది.

"మాయమ్మకి రోజూ ఇదే మంట" అంది దాలమ్మ. అంటూనే ఆ చేతి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. "నా చేతికి ఇవ్వకు అవ్వా. కింద పెట్టీ. కింద పెడితే ఎవలది వాళ్ళు తీసుకుంటారు."

అవ్వ గుప్పిట విప్పి ఉప్పంతా ఇసక మీద పెట్టింది. అప్పుడు సముద్రం వచ్చి తన ఉప్పు తను తీసుకుంది. చేపలు తోకలాడించాయి. ఎవరి ఉప్పు వాళ్ళ ఒంట్లోకి చేరి జనం లేచి కూర్చున్నారు. అవ్వ చెయ్యి ఊదుకుంటూ కెరటంలోకి వెళ్ళిపోయింది.

దాలమ్మ పరిగెత్తుకెళ్ళి తల్లి నుదురు నాకింది. ఉప్పగా ఉంది! "అమ్మ ఉంది! అమ్మ ఉంది!" అని మడి గట్లన్నీ తిరిగింది. ఎర్రమ్మకి ఏమీ అర్థం కాలేదు. "ఇదేటే, పిల్లిపిల్లలాగ నాకుతావు?" అని నవ్వింది.

ఆ సాయంత్రం తల్లి కాళ్ళు దాలమ్మే మంచినీళ్ళతో కడిగి ఆముదం రాసింది. రాస్తూ రాస్తూ మళ్ళీ అడిగింది. "అమ్మా, కాళ్ళకి ఉప్పునీళ్ళు తగలకుండా మడిలో నడిస్తే ఏటవుద్ది?" ఈసారి చూపించడానికి అవ్వ రాలేదు. తల్లీ కూతురూ చెక్కముక్కలతో ఎత్తు చెప్పులు కట్టి చూశారు. మొదటివి విరిగాయి. తర్వాతివి బురదలో కూరుకుపోయాయి. మూడోసారి కట్టినవి నిలబడ్డాయి. ఎర్రమ్మ మళ్ళీ ఎప్పుడూ పైట చెంగు కరిచిపట్టలేదు.

ఏం తల్లీ, నోరు తెరుచుకుని చూస్తున్నావు? ఏమిటా నాకడం, నా చెంప! ఉప్పగా ఉందా? అయితే అమ్మమ్మ ఉన్నట్టే. భయం లేదు, కళ్ళు మూసుకో.

ఉప్పు సంద్రానికి, చేప నీళ్ళకి,
చెమట అమ్మ నుదుటికి, చెప్పు కాళ్ళకి,
కథేమో కంచికి, నిద్ర నీ కళ్ళకి.