తెర ఎవరు కట్టాలి

పిల్లలూ, ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకోకుండా వాళ్ళకి గోరింటాకు పెట్టగలరా? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. హైమవతి అనే అమ్మాయి అలాగే పెట్టబోయింది. ఏమయిందో వినండి.

హైమవతి సుందరాంబగారి దగ్గర పదేళ్ళు వీణ నేర్చుకుంది. ఓరోజు అప్పాలు వేయిస్తుంటే బాణలి తిరగబడి, ఎడమచెయ్యి మోచేతిదాకా కాలింది. పుండు మానేసరికి ఎనిమిది నెలలు పట్టింది. వేళ్ళు మళ్ళీ వంగాయి, వీణ మెట్ల మీద ఎప్పటిలా నడిచాయి. చర్మం మాత్రం ముడతలు పడి, ఎరుపూ తెలుపూ మచ్చలతో మిగిలిపోయింది. స్నానం చేసేటప్పుడు హైమ ఆ చేతివైపు చూసేది కాదు. బస్సులో పక్కనున్నావిడ లేచి వేరే సీట్లోకి వెళ్తే, కిటికీ గాలి కోసమేమోనని సరిపెట్టుకోలేక రెండు పూటలు అన్నం మానేసింది.

వీణ వాయించేవాళ్ళ ఎడమచెయ్యే కదా, సభంతటికీ కనిపించేది! ఆదివారం ఆమె కచేరీ.

"అమ్మగారూ, అడ్డంగా తెర కట్టించి, దాని వెనక కూర్చుని వాయించనా? అలా కాకపోతే నావల్ల కాదు," అని అడిగింది హైమ, చేతిని పమిటలో దాచుకుని.

ఆషాఢమాసం. సుందరాంబగారు గోరింటాకు ముద్ద ఉన్న గిన్నెని ఆమె ముందుకి జరిపి, "ముందు నాకిది పెట్టు," అని రెండు చేతులూ చాపారు.

హైమ కుడిచేత్తోనే మొదలుపెట్టింది. అరచేతిలో పెట్టిన చుక్క కాస్తా జారి చాప మీద పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది.

"ముసలి చెయ్యి, వణుకుతుందే తల్లీ. పట్టుకోకపోతే ఎలా నిలుస్తుంది?"

హైమ పమిట చాటునుంచి ఎడమచెయ్యి తీసి, గురువుగారి మణికట్టు పట్టుకుంది. ఇప్పుడు వెనక్కి లాక్కుంటారు, ఇప్పుడు లాక్కుంటారు అని చూసింది. ఆ చెయ్యి కదల్లేదు. కునుకు పట్టినవాళ్ళ చెయ్యిలా బరువుగా ఆమె చేతిలో వాలింది.

రెండు చేతులూ నిండాక సుందరాంబగారు మొహం చిట్లించారు. "ముక్కు మీద దురదే. గోకు."

హైమ కుడిచేతి నిండా గోరింటాకే. ఇంక చేసేదిలేక, కాలిన వేళ్ళతోనే మెల్లగా గోకింది.

"గరుగ్గా ఉందే నీ చెయ్యి! హాయిగా ఉంది. ఇంకాస్త ఎడమకి."

ఇన్ని నెలల్లో ఆ చేతిగురించి ఆమె ఎదుట ఎవరూ ఒక్కమాట అనలేదు. హైమకి నవ్వొచ్చింది, సిగ్గేసింది, కళ్ళు నిండాయి. చెయ్యి మాత్రం తీయలేదు. కాసేపటికి, "తెర సంగతి చెప్పలేదు, అమ్మగారూ," అంది.

సుందరాంబగారు రెండు అరచేతులూ చూపించారు. "నా చేతులు ఖాళీ లేవు. కట్టాలనుంటే నువ్వే కట్టుకో."

కట్టిందా అని అడుగుతారు, తెలుసు. మీకు పెట్టాల్సిన గోరింటాకు ఇంకా సగం రోట్లోనే ఉంది, ఎండిపోతుంది. నే వెళ్ళి రుబ్బుతాను, మీరు చేతులు కడుక్కుని రండి.